నేర్పే చేతికి జీతము: ఫ్లారెన్స్ నైటింగేల్ గారి జీవిత చరిత్ర



ప్రతి సంవత్సరము మే 12వ తేదీన లోకమంతటా నర్సుల దినము జరుపుకొంటారు. అది ఫ్లారెన్స్ నైటింగేల్ గారు పుట్టిన దినము. కోలారులోనైనా, చెన్నైలోనైనా, షోలాపూరులోనైనా, బరంపురములోనైనా, యానాములోనైనా, మన తెలుగు సంఘములలో నర్సు లేని సంఘము మా ఎరుకలో అరుదు. ఆ వారము మన సహోదరీలను ముందుకు పిలిచి వారి కొరకు ప్రార్థన చేస్తాము. సండేస్కూలు పిల్లలలో ఒకరికి తెల్లని బట్టలు తొడిగి, చేతికి దీపమిచ్చి నడిపిస్తాము.

దీపము సంగతి అందరికీ తెలిసినదే. అయితే ఆమె ఆ దీపము పట్టుకొని తిరిగిన కాలము రెండేళ్లు కూడ నిండలేదు. ఆ తరువాత ఆమె ఇంకను 54 ఏళ్లు జీవించారు. ఆ కాలములో ఆమె చేసిన పనులలో ఒకటి మన ఇండ్లలోని నర్సులందరికీ సంబంధించినది. వార్డులో అనుభవమున్నవారు క్రొత్తవారికి నేర్పవలెను. నేర్పేవారికి ఆ పని నిమిత్తము వేరుగా డబ్బు చెల్లించవలెను. ఇది ఆమె పేరుతో ఏర్పడిన నిధి చేసిన ఏర్పాటు. అది ఎలా మొదలైనదో, ఎక్కడ చెడినదో, ఎలా బాగుపడినదో ఈ సంచికలో చెప్పాలని మేము తలంచాము.

బాల్యము, పిలుపు

నైటింగేల్ గారు 1820 మే 12న ఇటలీ దేశములోని ఫ్లారెన్స్ పట్టణములో పుట్టారు. ఆ ఊరి పేరే బిడ్డకు పెట్టారు. తల్లిదండ్రులు ఇంగ్లండుకు చెందిన ధనవంతులు. తండ్రి విలియం నైటింగేల్ గారు తన కుమార్తెలిద్దరికీ తానే గురువై గ్రీకు, లాటిన్, చరిత్ర నేర్పారు. ఆడపిల్లలకు సంగీతము, కుట్టుపని చాలునని తలంచే ఆ రోజులలో ఇది పెద్ద సంగతియే. ఫ్లారెన్స్‌కు లెక్కల మీద ఆసక్తి ఎక్కువ. ఆ లెక్కలే తరువాత ఆమెకు ఆయుధమయ్యాయి.

1837 ఫిబ్రవరి 7న, పదహారేళ్ల వయస్సులో, దేవుడు తనను తన సేవకు పిలిచెనని ఆమె వ్రాసుకొన్నారు. ఏ సేవయో అప్పటికి తెలియదు. ఏండ్లు గడిచిన కొలది అది రోగులకు చేసే పరిచర్య అని ఆమెకు స్థిరమయ్యింది. 1845లో సాలిస్‌బరీ ఆసుపత్రికి వెళ్లి పని నేర్చుకొంటానని ఇంట్లో అడిగితే తల్లి, అక్క ఒప్పుకోలేదు. అప్పటి ఆసుపత్రులు మురికికి, నర్సులు త్రాగుడుకు పేరుబడినవారు. మంచి ఇంటి పిల్ల అడుగుపెట్టే చోటు కాదు.

ఆమె ఓపికతో కనిపెట్టారు. 1850లో జర్మనీలోని కైసర్స్‌వెర్త్ అనే చోటును చూచి, 1851లో మరల వెళ్లి సుమారు మూడు నెలలు అక్కడ ఉన్నారు. పాస్టర్ ఫ్లీడ్నర్ గారు అక్కడ డీకనెస్సుల పరిచర్య నడుపుతూ, ఆసుపత్రిలో స్త్రీలకు పని నేర్పించేవారు. 1853లో లండన్ హార్లీ వీధిలో జబ్బుపడిన స్త్రీల కొరకు నడిచే చిన్న ఆసుపత్రికి ఆమె పర్యవేక్షకురాలయ్యారు. అప్పటికి ఆమెకు 33 ఏళ్లు. పిలుపు వచ్చి పదహారేళ్లు దాటినది.

యుద్ధకాలము

1854లో క్రిమియా యుద్ధములో గాయపడిన సైనికుల దుస్థితి పత్రికలలో వచ్చింది. మంత్రి సిడ్నీ హెర్బర్ట్ గారి కోరికపై నైటింగేల్ గారు 38 మంది స్త్రీలతో బయలుదేరి, 1854 నవంబరు 4న టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరారు. తరువాత జరిగినది లోకానికి తెలుసు. రాత్రివేళ వార్డులలో మైళ్ల కొలది మంచముల నడుమ ఆమె తిరిగేవారు. బొమ్మలలో ఆమె చేతికి పెట్టే ప్రమిద వంటి దీపము నిజమైనది కాదు. ఆమె వాడినది మడత పెట్టగల కాగితపు టర్కీ లాంతరు.

అయితే మనము గమనించవలసినది ఆ 38 మంది సంగతి. వారిలో 10 మంది కాథలిక్ సన్యాసినులు, 14 మంది ఆంగ్లికన్ సహోదరీలు, 14 మంది ఆసుపత్రులలో కూలికి పనిచేసినవారు. కొందరికి భక్తి ఉన్నది గాని పని రాదు. కొందరికి పని వచ్చును గాని క్రమము లేదు. త్రాగుడు వలన తిరిగి పంపబడినవారును ఉన్నారు. మంచి మనస్సు ఒక్కటే చాలదు, పాత అనుభవము ఒక్కటే చాలదు, క్రమముగా నేర్పబడిన చేయి కావలెనని ఆ వార్డులు రుజువు చేశాయి.

ప్రభుత్వము పంపిన ఆరోగ్య సంఘము 1855 మార్చిలో వచ్చి మురుగు కాలువలు శుభ్రము చేయించిన తరువాతనే అక్కడ చావులు బాగుగా తగ్గాయి. యుద్ధము ముగిసిన తరువాత ఆమె లెక్కలు కట్టి, గాయముల కంటె రోగముల వలననే ఎక్కువ మంది సైనికులు చనిపోయారని పటముల రూపములో చూపించారు.

ప్రజలిచ్చిన నిధి

ఆమె ఇంకా టర్కీలో ఉండగానే, 1855 నవంబరు 29న లండన్‌లో పెద్ద సభ జరిగింది. ఆమె గౌరవార్థము చందాలు వసూలు చేయాలని తీర్మానించారు. గొప్పవారు ఇచ్చారు, పేదవారు ఇచ్చారు, సైనికులు ఒక రోజు జీతము ఇచ్చారు. మొత్తము 44,000 పౌండ్లు దాటినది. ఆమె కోరితే తన పేర భవనము కట్టించుకొనవచ్చును. కాని ఆ సొమ్ము నర్సుల శిక్షణ కొరకు నియమింపబడినది. అసలు కదపకుండా, దాని మీద వచ్చే వడ్డీతో పని నడపవలెనని ఏర్పాటు చేశారు.

1856 ఆగస్టులో తిరిగి వచ్చేటప్పటికి ఆమె ఆరోగ్యము పాడైనది. క్రిమియాలో పట్టిన జ్వరము ఆమెను చాలా కాలము వదలలేదు. అనేక సంవత్సరములు మంచము మీద నుండియే పనిచేశారు. తానే పాఠశాలను నడిపే శక్తి ఆమెకు లేదు. కాబట్టి నేర్పేవారిని వెదకవలసి వచ్చింది.

సెయింట్ థామస్ ఆసుపత్రి

లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో సారా వార్డ్‌రోపర్ అనే మేట్రన్ 1854 నుండి పనిచేస్తూ ఉండేవారు. ఆమె వితంతువు, పిల్లల తల్లి. ఏ పాఠశాలలోను చదివి నర్సు కాలేదు. పనిలో పడి, పని చేసి నేర్చుకొన్న మనిషి. త్రాగుడు, లంచము సాగే వార్డులను ఆమె గట్టి చేతితో దారికి తెచ్చారు. నైటింగేల్ గారి కన్ను ఆమె మీద పడినది. అక్కడి వైద్యాధికారి విట్‌ఫీల్డ్ గారు కూడ సహకరిస్తామన్నారు.

అందరూ ఒప్పుకోలేదు. ఆ ఆసుపత్రిలోనే జాన్ ఫ్లింట్ సౌత్ అనే పెద్ద శస్త్రవైద్యుడు ఉండేవాడు. నర్సులు ఇంటి పనిమనుషుల వంటివారు, వారికి ప్రత్యేకముగా నేర్పవలసినది ఏమియు లేదు, పనిలోనే వస్తుంది అని అతని వాదన. 1857లోనే దానిని అచ్చు వేయించాడు.

1860 వేసవిలో 15 మంది యువతులతో శిక్షణ మొదలయ్యింది. ఒక సంవత్సరము శిక్షణ. భోజనము, వసతి, దుస్తులు ఇచ్చి, చేతి ఖర్చునకు ఏడాదికి 10 పౌండ్లు ఇచ్చేవారు. ఈ ఖర్చు నిధి భరించింది. ఇంతవరకు ఎవరైనా ఊహించగలరు. దీనికి తోడుగా నేర్పేవారికి కూడ నిధి నుండి డబ్బు చెల్లించాలని ఒప్పందము చేసుకొన్నారు. మేట్రన్ గారికి ఆసుపత్రి ఇచ్చే జీతము గాక వేరుగా కొంత. వైద్యాధికారికి ఉపన్యాసముల నిమిత్తము కొంత. వార్డు సిస్టర్లకు పడక ప్రక్కన నేర్పినందుకు కొంత. ఇక్కడ సిస్టర్ అనగా సన్యాసిని కాదు, వార్డుకు పెద్దగా ఉండే నర్సు.

ఇది ఎందుకు ముఖ్యమో మన నర్సు సహోదరీలకు వేరుగా చెప్పనక్కరలేదు. వార్డు సిస్టరుకు తెల్లవారినది మొదలు తీరిక ఉండదు. మందులు, కట్లు, దుప్పట్లు, డాక్టర్ల రౌండ్లు, రోగుల బంధువులు. అట్టి సమయములో క్రొత్త పిల్లకు కట్టు కట్టడము చూపించాలంటే ఒక కట్టుకు పట్టే కాలములో సగము పని కూడ జరగదు. ముందు తాను చేసి చూపాలి, పిల్ల చేత చేయించాలి, తప్పు కడితే విప్పించి మరల కట్టించాలి, ఈలోగా రోగికి నొప్పి కలుగకుండ చూడాలి. ఇదంతా దయగా చేసే పని అయితే, తీరిక లేని దినమున అదే ముందుగా మానివేయబడుతుంది. దయను ఎవరూ లెక్క అడుగలేరు. డబ్బు ఇచ్చిన పనికి మాత్రము లెక్క అడుగవచ్చును.

లెక్క అడుగుటకు పుస్తకము కూడ పెట్టారు. ప్రతి విద్యార్థినికి ఒక పుట. కట్లు కట్టుట, పక్క వేయుట, రోగులకు వంట చేయుట, జలగలు పట్టించుట, రోగిని పరిశీలించుట, వేళకు వచ్చుట, శుభ్రత, నమ్మకము – ఇలా ఒక్కొక్క దానికి ఎదురుగా ఉత్తమము, మంచిది, మధ్యమము, కొరత అని గుర్తు వేయవలెను. విద్యార్థినులు దినచర్య వ్రాయవలెను.

ఫలితములు కనబడ్డాయి. అక్కడ నేర్చుకొన్న ఆగ్నెస్ జోన్స్ అనే యువతి 1865లో లివర్‌పూల్ పేదల ఆసుపత్రికి 12 మంది నర్సులతో వెళ్లి, దిక్కులేని రోగులకు సేవచేసి, 1868లో టైఫస్ జ్వరముతో చనిపోయింది. లూసీ ఆస్‌బర్న్ అనే ఆమె మరి అయిదుగురితో 1868లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ చేరి అక్కడ ఈ పద్ధతిని నాటింది. వేరే ఊళ్ల నుండి మేట్రన్లు కావాలని ఉత్తరములు రాసాగాయి.

బయటపడిన లోపము

ఈ చరిత్రను ఇక్కడితో ఆపితే చదువుటకు బాగుంటుంది గాని సత్యము కాదు.

1871లో సెయింట్ థామస్ ఆసుపత్రి థేమ్స్ నది ఒడ్డున, పార్లమెంటు ఎదుట కట్టిన గొప్ప భవనములోనికి మారినది. మంచములు పెరిగాయి, చాకిరి పెరిగినది. ఆ సమయములో నైటింగేల్ గారు, నిధి కార్యదర్శియైన ఆమె బంధువు హెన్రీ బోన్‌హామ్ కార్టర్ గారు పాఠశాల స్థితిని దగ్గరగా విచారించారు. తేలిన సంగతులు మనస్సు నొప్పించేవి. విట్‌ఫీల్డ్ గారి ఉపన్యాసములు ఎన్నడో నిలిచిపోయాయి. ఆయనకు నిధి డబ్బు మాత్రము అందుతూనే ఉన్నది. విద్యార్థినులను నేర్చుకొనేవారుగా గాక, తక్కువ ఖర్చుతో దొరికిన పనివారుగా వార్డులు వాడుకొంటున్నాయి. కొందరు సిస్టర్లు బాగుగా నేర్పుతున్నారు. కొందరికి తామే నేర్చుకొని ఉండలేదు, మరికొందరికి తీరిక లేదు. పుస్తకములో గుర్తులు పడుతున్నాయి గాని, ఆ గుర్తుల వెనుక పాఠము లేదు.

పది ఏళ్లకు పైగా డబ్బు చెల్లించినారు. చెల్లించిన దానికి బదులుగా ఏమి వచ్చినదో చూచినవారు లేరు. నమ్మిన మనుషుల మీద పని వదలివేసినందున ఇది జరిగినది. మేట్రన్ గారిది మరియొక ఇబ్బంది. ఆమె ఒకే సమయములో ఆసుపత్రికి మేట్రను, శిక్షణకు పెద్ద. వార్డులో మనుషులు చాలనప్పుడు విద్యార్థినిని పాఠమునకు పంపాలా, పనికి పంపాలా అన్న ప్రశ్న వస్తే, రోగుల అవసరమే గెలిచేది. రెండు కాడిలను ఒకే మెడ మీద పెట్టినట్టయ్యింది.

ఈ స్థితిలో చాలామంది చేసేది రెండింటిలో ఒకటి. డబ్బు ఇచ్చుట వృథా అని మానివేయుట, లేక పేరు పోతుందని కప్పిపుచ్చుట. నైటింగేల్ గారు రెండూ చేయలేదు. డబ్బు ఇచ్చుట మానలేదు, ఇచ్చే పద్ధతిని మార్చారు. 1872లో విట్‌ఫీల్డ్ గారు తప్పుకొన్నారు. ఆయన స్థానములో శస్త్రవైద్యుడు జాన్ క్రాఫ్ట్ గారిని పెట్టి క్రమముగా ఉపన్యాసములు, పరీక్షలు ఏర్పాటు చేశారు. విద్యార్థినుల వసతిగృహములో హోమ్ సిస్టర్ అనే క్రొత్త ఉద్యోగము పెట్టారు. వార్డులో విన్నదానిని మరల చెప్పించుట, చదివించుట, వెనుకబడినవారిని పట్టించుకొనుట ఆమె పని. వార్డు చాకిరి ఆమెకు ఉండదు. మొదట ఎలిజబెత్ టారెన్స్ గారు, 1875 నుండి ఇరవై ఏళ్లకు పైగా మేరీ క్రాస్‌లాండ్ గారు ఆ పని చేశారు.

నైటింగేల్ గారు తన వంతు తానే మోశారు. మంచము పట్టిన మనిషియై యుండి కూడ, విద్యార్థినులను, సిస్టర్లను ఒక్కొక్కరిగా తన ఇంటికి పిలిపించి, ఏమి నేర్చుకొన్నారో, ఎవరు నేర్పారో అడిగి తెలిసికొని వ్రాసుకొనేవారు. 1872 నుండి అనేక సంవత్సరములు విద్యార్థినులకు ఏటేటా ఒక ఉత్తరము వ్రాసేవారు. విద్యార్థినుల కూడికలో ఆ ఉత్తరము చదివి వినిపించేవారు.

వార్డ్‌రోపర్ గారిని ఆమె వెళ్లగొట్టలేదు. లోపము తెలిసినను ఆ స్త్రీ పడిన కష్టము మరువలేదు. 1887 వరకు వార్డ్‌రోపర్ గారే మేట్రన్‌గా ఉన్నారు. 1892లో ఆమె చనిపోయినప్పుడు నైటింగేల్ గారు ఆమెను గౌరవిస్తూ వైద్య పత్రికకు వ్యాసము వ్రాశారు. లెక్క అడుగుట వేరు, మనిషిని అవమానించుట వేరు అని ఇందులో మేము చూస్తున్నాము.

మన దేశము, మన గోదావరి

నైటింగేల్ గారు ఇండియాకు ఎన్నడూ రాలేదు. అయినను 1859 నుండి ముప్పై ఏళ్లకు పైగా మన దేశమును గూర్చి పనిచేశారు. ఇక్కడి సైనికుల ఆరోగ్యమును గూర్చిన రాజ సంఘము 1863లో ఇచ్చిన నివేదికలో ఆమె శ్రమ పెద్దది. తరువాత ఆమె దృష్టి గ్రామముల మీదికి, కరవుల మీదికి మళ్లినది.

ఇక్కడ ఆమెకు తోడైనవారు మనకు తెలిసినవారే. ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ దొరగారు. వారిద్దరికీ ఉత్తరములు నడిచేవి. 1876–78 కరవులో దక్షిణ దేశములో లక్షల మంది చనిపోయినప్పుడు, కాలువలు తవ్వించాలన్న కాటన్ దొరగారి వాదనకు ఆమె తన కలము అందించారు. గోదావరి డెల్టా ఆమెకు చెప్పుకొనదగిన దృష్టాంతమయ్యింది. యానాములోను, గోదావరి తీరములోను పుట్టి పెరిగిన మనవారికి ఈ సంగతి సంతోషము కలిగించగలదు.

చివరి దినములు

వృద్ధాప్యములో ఆమె చూపు పోయినది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అనే గొప్ప బిరుదు ఆమెకు వచ్చింది. దానిని పొందిన మొదటి స్త్రీ ఆమెయే. 1910 ఆగస్టు 13న, 90 ఏళ్ల వయస్సులో, లండన్‌లోని తన ఇంట్లో ప్రభువునందు నిద్రించారు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేస్తామని అడిగితే బంధువులు వద్దన్నారు. హాంప్‌షైర్‌లోని ఈస్ట్ వెలో గ్రామ చర్చి ఆవరణలో ఆమెను ఉంచారు. సమాధి రాతి మీద పూర్తి పేరు లేదు, పేరులోని మొదటి అక్షరములు, పుట్టిన, చనిపోయిన తేదీలు మాత్రమే ఉన్నాయి.

మనము ఆలోచించవలసినది

ఆమె పోయి వంద ఏళ్లు దాటినను ఈ ప్రశ్న తీరలేదు. అమెరికాలో 2012 నుండి 2018 వరకు ప్రభుత్వము అయిదు ఆసుపత్రులకు డబ్బిచ్చి, పై చదువు చదివే నర్సులకు రోగుల వద్ద శిక్షణ ఇప్పించి చూచినది. ఇంగ్లండులో విద్యార్థులను తీసికొనే ఆసుపత్రులకు ప్రభుత్వము శిక్షణ సొమ్ము చెల్లిస్తుంది. ఆ సొమ్ము నేర్పే నర్సు వరకు, ఆమె తీరిక వరకు చేరుతున్నదా అన్నది 1871లో వలెనే నేటికిని అడుగవలసిన మాటయే.

మన మధ్య కూడ ఇదే కనబడుతున్నది. అప్పు చేసి బిడ్డను నర్సింగ్ కాలేజీలో చేర్చిన తల్లిదండ్రులు మన సంఘములలో ఉన్నారు. ఆ బిడ్డ వార్డులోనికి వెళ్లిన దినమున ఆమెకు చేయి పట్టి నేర్పేది కాలేజీ భవనము కాదు, ఆ వార్డులో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న సిస్టరు. ఆమెకు ఆ వేళ యాభై మంది రోగులుంటే ఏమి నేర్పగలదు? పరాయి భాష మాట్లాడే ఊరిలో, రోగి మాట కూడ సరిగా తెలియని మన తెలుగు పిల్లకు మరింత ఓపికతో నేర్పాలి. ఆ ఓపికకు వెల కట్టేవారెవరు?

మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. బిడ్డను చేర్చేటప్పుడు ఫీజు ఎంత, హాస్టలు ఎలా ఉన్నది అని అడుగుతాము. వార్డులో నేర్పేది ఎవరు, ఆమెకు అందుకు సమయము, జీతము ఇస్తున్నారా అని కూడ అడుగుదము. ఆసుపత్రి కమిటీలలో కూర్చొనే మన పెద్దలు బడ్జెటులో భవనముల వరుసతో పాటు నేర్పేవారి నిమిత్తము ఒక వరుస వ్రాయించవలెను. వ్రాయించి ఊరకుండక, ఏడాదికొకసారి విద్యార్థినులనే పిలిచి, ఏమి నేర్చుకొన్నారో అడుగవలెను. ఉద్యోగ విరమణ చేసిన మన నర్సు సహోదరీల చేతులలో ముప్పై నలభై ఏళ్ల విద్య ఉన్నది. వారిని పిలిచి, తగిన గౌరవ వేతనమిచ్చి, మన పిల్లలకు నేర్పించే సంఘమునకు ఆ ఖర్చు వృథా పోదు.

వచ్చే మే నెలలో పిల్ల చేతికి దీపమిచ్చినప్పుడు, ఆమెకు నేర్పిన సిస్టరును కూడ పేరుపెట్టి పిలిచి ముందుకు రమ్మందుము.